క్రొత్త లిథియము బ్యాటరీకి తొలి ఛార్జి

వీపున మోసికొని మందు కొట్టెడు పంపులలో చేతిపిడి పంపులు నానాటికి తగ్గి, బ్యాటరీతో నడచు పంపులు పల్లెలలో హెచ్చుచున్నవి. పిడి కొట్టుకొనుచు నడువ నక్కరలేదు. మీట నొక్కినంతనే తుంపర వచ్చును. ఇట్టి పంపును కొనిన రైతునకు అంగడివారు పంపుతో పాటు ఒక మాటను గూడ మూటగట్టి పంపుట ఆచారమైపోయినది. "మొదటిసారి 12 గంటలు ఆపకుండ ఛార్జి పెట్టవలెను, లేకున్న బ్యాటరీ పాడగును" అనునదే యా మాట. కొందరు 8 గంటలు చాలునందురు. కొందరు రాత్రియంతయు నుంచుమందురు. ఒక పగలును ఒక రాత్రియు నుంచవలెనని చెప్పువారును కలరు.

ఈ మాట లిథియము బ్యాటరీల విషయమున సరికాదు. సరికాకపోవుటయే గాదు, దానిని నమ్మి నడచుకొనుటవలన రైతునకు నష్టము గూడ కలుగవచ్చును. ఆ మాట ఎక్కడినుండి వచ్చినదో, అది ఇప్పు డేల చెల్లదో, తొలినాడు నిజముగా చేయవలసిన పని యేదో ఈ పాఠమున వ్రాయుచున్నాము. మందు పంపునే ఉదాహరణముగా తీసికొనినను, ఇందు చెప్పునది చేతిదీపములకును, సౌరదీపములకును, గడ్డికోత యంత్రములకును, ఇతరములగు లిథియము పనిముట్లకును వర్తించును.

మొదట, పాతమాట అబద్ధము కాదని చెప్పవలెను. అది వేరొక బ్యాటరీకి చెందిన మాట. సీసపు బ్యాటరీని 1859లో ఫ్రాన్సు దేశమున గాస్టన్ ప్లాంటే అను శాస్త్రజ్ఞుడు కనిపెట్టెను. ట్రాక్టరులందును, లారీలందును నేటికిని ఉండునది ఆ జాతి బ్యాటరీయే. ఎండు సీసపు బ్యాటరీలో క్రొత్తగా యాసిడ్ పోసినపుడు పలకలకు ద్రావకము చక్కగా పట్టి పూర్తి బలము వచ్చుటకు మొదటి ఛార్జి నిదానముగా, చాలసేపు ఇచ్చుట బ్యాటరీ దుకాణములలో పూర్వమునుండి వచ్చిన పద్ధతి. 1899లో స్వీడను దేశీయుడగు వాల్డెమార్ యుంగ్నర్ కనిపెట్టిన నికెలు కాడ్మియము బ్యాటరీ రెండవది. మరల మరల ఛార్జి చేసికొను టార్చి సెల్లులుగా చాలమంది దానిని వాడియుందురు. వానికి తొలిసారి 14 మొదలు 16 గంటల వరకు నెమ్మదిగా ఛార్జి పెట్టుట నియమము. సగములో ఆపి ఆపి వాడినచో వాని బలము తగ్గునని గూడ చెప్పుచుండిరి. ఆ రెండు జాతుల నుండి పుట్టిన మాట నోటినోట నిలిచి, జాతి మారినను తాను మారక, లిథియము బ్యాటరీ పెట్టె మీదకు వచ్చి కూర్చున్నది.

వడ్లను నానబెట్టి మండె కట్టి నారుమడిలో చల్లుదుము. ఆ అలవాటుతో వేరుసెనగ గింజలను గూడ ఒక పగలు, ఒక రాత్రి నీట నానబెట్టి మండె కట్టినచో ఏమగునో రైతునకు వేరుగ చెప్పనక్కరలేదు. నానబెట్టుటలో తప్పు లేదు. ఏ విత్తనమున కన్నది చూడవలెను.

ఇక లిథియము బ్యాటరీ లోపలి సంగతి. దీనికి మూలమైన పరిశోధనలు 1970-1980 నడుమ స్టాన్లీ విట్టింగ్‌హామ్ గారును, 1980లో జాన్ గుడెనఫ్ గారును, 1985లో జపాను దేశీయులగు అకీరా యోషినో గారును చేసిరి. 1991లో సోనీ కంపెనీవారు దీనిని మొట్టమొదట అంగడికి తెచ్చిరి. ఆ మువ్వురు శాస్త్రజ్ఞులకు 2019లో రసాయన శాస్త్రమున నోబెలు బహుమానము లభించినది. ఈ బ్యాటరీలో ఒక ప్రక్క గ్రాఫైటు అను బొగ్గు పొరయు, రెండవ ప్రక్క లోహపు సమ్మేళనము పూసిన రేకును ఉండును. నడుమ ద్రావకముతో తడిసిన సన్నని తెర యుండును. ఛార్జి చేయునపుడు లిథియము అయానులు లోహపు ప్రక్కనుండి తెర దాటి గ్రాఫైటు పొరల సందులలోనికి పోవును. వాడునపుడు తిరిగి వెనుకకు వచ్చును. ఉదయము పొలమునకు పోయి సాయంకాలము కొట్టమునకు మరలు పశువులవలె వాని రాకపోకలే ఛార్జియు, వాడుకయు.

ఇందులో రైతు ముఖ్యముగా గ్రహింపవలసిన దొకటి కలదు. ఈ సెల్లు తయారైన పిమ్మట దానికి మొట్టమొదటి ఛార్జిని కర్మాగారములోనే, మిక్కిలి నెమ్మదిగా, కొలతలు చూచుచు నిత్తురు. ఆ ఛార్జిలో గ్రాఫైటు మీద కంటికి కనబడనంత సన్నని రక్షణపొర యొకటి ఏర్పడును. ద్రావకము గ్రాఫైటుతో కలిసి చెడిపోకుండ ఆపునది ఆ పొరయే. అటు పిమ్మట సెల్లును కొన్నిదినములు ఊరక యుంచి, బలము తగ్గుచున్నదా యని పరీక్షించి, లోపము గలవానిని ఏరివేసి, తక్కినవానిని అమ్మకమునకు పంపుదురు. కాబట్టి 'తొలి ఛార్జి' అని మన మనుకొనునది నిజమునకు తొలిది కాదు. బ్యాటరీని సిద్ధపరచు పని మన యింటికి రాకముందే ముగిసినది. మన యింటి ప్లగ్గులో 12 గంటలు పెట్టినంతమాత్రమున ఆ పనికి క్రొత్తగా చేర్చగలిగిన దేదియు లేదు.

క్రొత్త బ్యాటరీ పూర్తిగా నిండి రాదు, పూర్తిగా ఖాళీగాను రాదు. నిండుగానున్న లిథియము బ్యాటరీకి ప్రమాదము కలిగినచో మంట పెద్దదగును. అందువలననే విమానములలో విడిగా పంపు లిథియము అయాను బ్యాటరీలు నూటికి 30 పాళ్లకంటె ఎక్కువ ఛార్జితో నుండరాదని 2016 ఏప్రిలు నుండి అంతర్జాతీయ నియమ మేర్పడినది. కావున పెట్టె విప్పగానే పంపు కొంతసేపు పనిచేసినచో, ఎవరో వాడి తిరిగి అమ్మినారని సందేహపడ నక్కరలేదు.

తొలినాడు చేయవలసిన మొదటిపని ప్లగ్గు పెట్టుట కాదు, చీటీ చదువుట. మందు పంపులలో రెండు జాతుల బ్యాటరీలును వచ్చుచున్నవి. చూచుటకు పంపు ఒక్కటే. అడుగుననున్న పెట్టెలో సీసముండవచ్చును, లిథియ ముండవచ్చును. చేత బట్టినచో కొంత తెలియును, ఏలయన లిథియము బ్యాటరీ అంతే బలముగల సీసపుదానిలో సగముకంటె తక్కువ తూగును. ఐనను చేతి తూకమును నమ్ముకొనక, బ్యాటరీపై నున్న చీటీలో ఓల్టుల సంఖ్యను చూడుడు. సరిగా 12 ఓల్టులని మాత్రమే యుండి 'లెడ్ యాసిడ్' అని వ్రాసియున్నచో అది సీసపుది. 11.1 లేక 10.8 ఓల్టులని యున్నచో అది మూడు లిథియము సెల్లులను వరుసగా కూర్చినది. 12.8 ఓల్టులని యున్నచో అది నాలుగు లిథియము ఐరన్ ఫాస్ఫేటు సెల్లులను కూర్చినది. ఈ ఐరన్ ఫాస్ఫేటు రకమును గూర్చి గుడెనఫ్ గారును, వారితో పనిచేసిన పాఢి, నంజుండస్వామి గార్లును 1997లో ప్రకటించిరి. బరువు కొంచెము హెచ్చైనను వేడికి తాళుటలోను, మన్నికలోను ఇది మేలైనది. రెండు రకములును ఒకే ధరకు దొరకినచో మేము దీనినే కొనుమందుము.

రెండవపని ఛార్జరును చూచుట. రైతులు ఎక్కువగా మోసపోవునది ఇక్కడనే గనుక కొంచెము విపులముగా వ్రాసెదము.

మూడు సెల్లుల లిథియము బ్యాటరీ నిండునప్పటికి ఒక్కొక్క సెల్లు 4.2 ఓల్టులకు, మొత్తము 12.6 ఓల్టులకు చేరును. అంతకు మించి పోరాదు. నాలుగు సెల్లుల ఐరన్ ఫాస్ఫేటు బ్యాటరీ ఒక్కొక్క సెల్లునకు 3.65 చొప్పున, మొత్తము 14.6 ఓల్టుల వద్ద నిండును. సీసపు బ్యాటరీ ఛార్జరు సుమారు 14.4 ఓల్టుల వరకు ఎక్కించి, పిమ్మట 13.6 ప్రాంతమున నిలిపి యుంచును. ఈ మూడు ఛార్జరులకును పైకి భేదము కనబడదు. నల్లని చిన్నపెట్టె, ఒక తీగ, చివర ఒక గుండ్రని పిన్ను. ఆ పిన్ను మూడింటికిని పట్టును. పిన్ను పట్టినది గనుక ఛార్జరు సరిపోయినదని యనుకొనుట పెద్దపొరపాటు. 12.6 ఓల్టులకు నిండవలసిన బ్యాటరీకి 14.4 ఓల్టుల ఛార్జరు తగిలించినచో ఒక్కొక్క సెల్లుపైని 4.8 ఓల్టుల ఒత్తిడి పడును. అప్పుడు బ్యాటరీలోపల నుండు రక్షణపలక యొక్కటియే దానిని కాపాడవలెను. బి.ఎం.ఎస్. అని మెకానిక్కులు చెప్పునది దానినే. అది మంచిదైనచో విద్యుత్తును తెంచివేసి బ్యాటరీని నిలబెట్టును. చౌకరకపుదై పనిచేయకున్న, సెల్లులు ఉబ్బి, వేడెక్కి, అంటుకొనును. అటులే 12.6 ఓల్టుల ఛార్జరును ఐరన్ ఫాస్ఫేటు బ్యాటరీకి పెట్టినచో ప్రమాదము లేదు గాని, బ్యాటరీ ఎన్నటికిని నిండదు. రైతు బ్యాటరీ చెడినదని అంగడి చుట్టు తిరుగుచుండును.

ఈ తారుమారు క్రొత్త పంపు కొనునపుడు అంతగా జరుగదు. పెట్టెలోనే తగిన ఛార్జరు ఉండును. పాత సీసపు బ్యాటరీ చచ్చినపుడు, దాని స్థానమున తేలికగా నుండునని లిథియము బ్యాటరీ వేయించి, ఛార్జరు మాత్రము పాతదే వాడుకొనుటలో జరుగుచున్నది. ఛార్జరు ధరను మిగుల్చుకొనుట లాభమువలె తోచును. పాత ఛార్జరును ఆనాడే యింటినుండి తీసివేయుట ఉత్తమము. గూటిలో పడియున్నచో నేడు కాకున్న రేపు ఎవరో ఒకరు దానినే తగిలించుదురు. బ్యాటరీ కొనునపుడు దాని మీద భారతీయ ప్రమాణముల సంస్థవారి ఐ.ఎస్. 16046 అను సంఖ్య యున్నదా యని చూచి, తేదీ వేసిన రసీదు పుచ్చుకొనవలెను. రసీదు లేని హామీ అంగడి గుమ్మము దాటదు.

ఇక గంటల లెక్క. బ్యాటరీ మీద 12 ఆంపియరు గంటలనియు, ఛార్జరు మీద 2 ఆంపియరులనియు వ్రాసియున్న దనుకొనుడు. 12ను 2చే భాగింప 6 వచ్చును. ఖాళీ బ్యాటరీకి 6 గంటలు, చివరి భాగము నెమ్మదిగా నిండును గావున దానికి మరియొక గంట, మొత్తము 7 గంటలు. కడవ అంచునకు వచ్చుచున్నపుడు పొరలిపోకుండ ధారను సన్నము చేయుదుము గదా, లిథియము ఛార్జరును అట్లే మొదట పూర్తిధారతో నింపి, కడపట ఓల్టులు పరిమితికి వచ్చిన పిమ్మట ధారను క్రమముగా తగ్గించి, ఆపివేయును. ఎఱ్ఱదీపము పచ్చదీపముగా మారుట దానికి గుర్తు. క్రొత్త బ్యాటరీలో ముందే కొంత ఛార్జి యుండును గనుక తొలిసారి 7 గంటలును పట్టవు. 4 లేక 5 గంటలలో పచ్చదీపము రావచ్చును. వచ్చినచో ప్లగ్గు తీసివేయవలెను. అంతటితో తొలి ఛార్జి ముగిసినది.

12 గంటల నియమమువలన కలుగు కీడు ఇక్కడ కనబడును. 7 గంటలలో నిండవలసిన బ్యాటరీ 10 గంటలైనను ఎఱ్ఱదీపముతోనే యున్నదన్న, ఆ బ్యాటరీలోనో ఛార్జరులోనో లోపము కలదన్నమాట. లెక్క తెలిసినవాడు వెంటనే ప్లగ్గు తీసి, మరునాడు అంగడికి తీసికొనిపోవును. 12 గంటలని విని నిద్రపోయినవానికి ఆ లోపము కనబడనే కనబడదు. తొలి ఛార్జి అనునది బ్యాటరీకి మనము పెట్టు బలవర్ధకమైన భోజనము కాదు; సంతలో కొన్న యెద్దును ఇంటికి తోలుకొని వచ్చి మొదటిసారి కాడి వేసి చూచునట్టి పరీక్ష. ఆ పరీక్షకు మన కన్ను దగ్గర నుండవలెను.

కాబట్టి తొలి ఛార్జిని పగటివేళ, ఇంట పెద్దలు మెలకువగా నుండగా పెట్టవలెను. మొదలుపెట్టిన గంటను కాగితముపై వ్రాసికొనుడు. మొదటి గంటలో రెండుమూడు మారులు చేయి పెట్టి చూడుడు. ఛార్జరు గోరువెచ్చగ నుండుట సహజము. బ్యాటరీ మాత్రము చేయి పెట్టలేనంత వేడెక్కుట, ప్రక్కలు ఉబ్బుట, రంగుల ద్రావకమువంటి తియ్యని వాసన, బుసబుసమను చప్పుడు, ఈ నాల్గింటిలో ఏదియు సహజము కాదు. పచ్చదీపము వచ్చువరకు నడుమ ఆపకుండుట మంచిదే. అందునకు కారణము పాతకాలపు భయము గాదు. మంచి రక్షణపలకలు గల బ్యాటరీలో సెల్లుల హెచ్చుతగ్గులను సరిచేయు పని నిండబోవు సమయముననే జరుగును. నడుమ కరెంటు పోయి ఆగినను హాని లేదు, వచ్చిన పిమ్మట మిగిలినది నిండును.

పచ్చదీపము వచ్చిన వెనుక పంపులో నీరు మాత్రము పోసి, పంపు తనంతట తాను ఆగువరకు ఒకమారు నడపి, రెండవసారి ఛార్జి చేయుచు మరల గంటలు వ్రాసికొనుడు. బ్యాటరీ మీద 12 ఆంపియరు గంటలని అచ్చువేసియుండి, 2 ఆంపియరుల ఛార్జరుతో మూడు గంటలకే నిండినచో, లోపలనున్నది చీటీలో వ్రాసినదానిలో సగమేయని అనుమానింపవలెను. ఇట్టి చీటీలు అంగళ్లలో లేకపోలేదు. ఈ లెక్కకు రైతు కొనవలసిన పరికర మేదియు లేదు, గోడ గడియారము చాలును. ఆ కాగితమునే దాచియుంచి మరుసటి యేడు అదేవిధముగ చూచినచో బ్యాటరీ యెంత అరిగినదియు తెలియును. ఐతే ఇట్లు పూర్తిగా దింపుట పరీక్షకొరకు మాత్రమే. నిత్యమును అట్లు చేయరాదు.

కొందరు విద్యుత్తు ఖర్చును గూర్చి అడుగుదురు. 12 ఓల్టులను 12 ఆంపియరు గంటలతో గుణింప 144 వాట్ గంటలు. అనగా యూనిట్టులో ఏడవవంతు. ఛార్జరులో పోవు వృథాను కలిపినను అయిదవవంతు దాటదు. డబ్బు లెక్కకు రాదు. ఆలోచింపవలసినది చోటును గూర్చి.

మందు కొట్టి వచ్చిన పంపును అటులే తెచ్చి వంటయింటి ప్లగ్గునకు తగిలించుట పలుయిండ్లలో జరుగుచున్నది. ఏలయన ఖాళీ ప్లగ్గు అక్కడనే యుండును. లిథియము మాట అటుంచి, పురుగుమందు అంటిన పంపు అన్నము వండు చోటికి, పిల్లలు తిరుగు చోటికి రావచ్చునా? బ్యాటరీ ఊడివచ్చు రకమైనచో బ్యాటరీని మాత్రమే, పొడిగుడ్డతో తుడిచి, లోనికి తేవలెను. ఊడని రకమైనచో ట్యాంకును మూడుమారులు కడిగి, ఆ నీటిని కుడితితొట్టికిని, చెరువునకును, బావికిని దూరముగా పొలములోనే పారబోసి, పంపు పైభాగమును తుడిచి, వసారాలో పెట్టవలెను. మందు చేతులతో ప్లగ్గును ముట్టరాదు. తడి చేతులతోను ముట్టరాదు. బ్యాటరీ అరలోనికి మందునీరు కారినచో అది పూర్తిగా ఆరి, తుప్పు లేదని చూచు వరకు ఛార్జి పెట్టవలదు.

వసారాలో నేల మీద, బండపైన గాని సిమెంటు గచ్చుపైన గాని పెట్టుట మేలు. మంచముమీద, గోనెలమీద, ప్రత్తి నిలువచేసిన గదిలో, గడ్డివామి ప్రక్క, కిరసనాయిలు డబ్బాల దగ్గర పెట్టరాదు. ఇంటికి ఒకే వాకిలి యున్నచో ఆ వాకిట పెట్టరాదు, ఏలయన అంటుకొనినపుడు బయటికి పోవు దారి అదియే. మనుష్యులు నిద్రించు గదిలో రాత్రివేళ ఛార్జి పెట్టుట ఏ బ్యాటరీకిని తగదు. మోటారు కొట్టమున స్టార్టరు పెట్టె ప్రక్క తీగ లాగి ఛార్జి పెట్టువారు కలరు. అక్కడ ఎలుకలు కొరికిన తీగలును, తేమయు, చూచువారు లేకుండుటయు కలిసి వచ్చును.

వేడిని గూర్చియు ఒకమాట. లిథియము బ్యాటరీని సున్న డిగ్రీలకు తక్కువలోను, 45 డిగ్రీలకు ఎక్కువలోను ఛార్జి చేయరాదని తయారుచేయువారు సాధారణముగా వ్రాయుదురు. చలి మన కంతగా బాధ కాదు. లంబసింగి వంటి మన్యపు తావులలో శీతకాలపు తెల్లవారుజాముల మాత్రము ఆరుబయట పెట్టకుండుట మంచిది. చలిలో ఛార్జి చేసినచో లిథియము గ్రాఫైటు సందులలోనికి పోలేక పైననే లోహముగా పేరుకొని, బ్యాటరీ లోలోపల చెడును. వేడియే మనకు శత్రువు. వైశాఖ జ్యేష్ఠ మాసములలో నీడనే 42, 43 డిగ్రీలుండును. రేకుల కొట్టములో అంతకంటె మించును. ఆ దినములలో తెల్లవారుజామున 5 గంటలకు లేచినవారు అప్పుడే ప్లగ్గు పెట్టి, ఎండ ముదురక ముందు తీసివేయవచ్చును. పొలమునుండి వచ్చిన పంపును వెంటనే పెట్టక, నీడలో ఒక గంట చల్లారనిచ్చి పెట్టుడు.

ఎన్ని జాగ్రత్తలు తీసికొనినను, పొగ వచ్చినచో చేయవలసినది ముందే తెలిసియుండవలెను. బ్యాటరీని చేత బట్టి బయట పారవేయుటకు పూనుకొనరాదు. క్షణములో మంట చిమ్మును. ఆ పొగ విషము, పీల్చరాదు. దారి సులువుగ నున్నచో ఇంటి మెయిను స్విచ్చి తీసి, విద్యుత్తు పోయిన దని నిశ్చయించుకొని, దూరమునుండి నీరు ధారాళముగా పోయవచ్చును. ఇసుక మంటను కప్పును గాని బ్యాటరీ లోపలి వేడిని తీయలేదు, నీరే దానిని చల్లార్చును. గది పొగతో నిండినచో అందరును బయటికి వచ్చి, తలుపు వేసి, 101కి ఫోను చేయవలెను. చల్లారినట్లు కనబడినను మరల అంటుకొనుట కలదు గావున ఆ బ్యాటరీని కొన్ని గంటలు ఎవరును ముట్టరాదు.

తొలి ఛార్జి దాటిన తరువాతి వాడుక సులభము. సగము వాడి ఛార్జి పెట్టినను తప్పు లేదు, పావు వాడి పెట్టినను తప్పు లేదు. నికెలు బ్యాటరీకి చెప్పిన జ్ఞాపకపు దోషము దీనికి లేదు. పంపు నీరసించి ఆగువరకు ప్రతిదినము లాగుటయే దీని ఆయువును తగ్గించును.

పని లేని నెలలలో మాత్రము జాగ్రత్త వలయును. రబీ పంట ఇంటికి వచ్చిన పిమ్మట పంపును మూల పెట్టి, తొలకరికి తీయుట వాడుక. ఖాళీ బ్యాటరీని అట్లు మూడు నాలుగు నెలలుంచినచో, తనంతట తాను కొద్దికొద్దిగ దిగి, ఓల్టులు మరీ పడిపోయి, లోపలి రాగి రేకు కరగి, తిరిగి ఛార్జి చేయుటకు పనికిరాకపోవును. అట్టిదానిని వేరొక బ్యాటరీతో తీగలు కలిపి లేపుట కొందరు మెకానిక్కులు చేయుదురు, అది ప్రమాదకరము. నిండుగా నింపి వేసవి వేడిలో ఉంచుటయు మంచిది కాదు. నిండిన బ్యాటరీ వేడిలో త్వరగా ముసలిదగును. సుమారు సగము ఛార్జితో, మీట ఆపి, వీలైనచో పంపునుండి ఊడదీసి, ఇంటిలో చల్లని చోట నుంచి, రెండు నెలల కొకమారు చూచి, తగ్గినచో మరల సగమునకు తేవలెను. సీసపు బ్యాటరీకి నియమము దీనికి సరిగా విరుద్ధము: దానిని ఎన్నడును నిండుగానే యుంచవలెను, వాడిన నాడే ఛార్జి చేయవలెను. ఒకే యింట రెండును ఉన్నపుడు పొరపాటు పడకుండ లిథియముదానికి పెద్ద అక్షరములతో పేరు వ్రాసి అంటించుకొనుడు.

సహకార సంఘముల ద్వారా పంపులను అద్దెకిచ్చు చోట్ల ఈ పొరపాటున కెక్కువ అవకాశము. ఒక పంపు పదిమంది చేతులు మారును, ఛార్జరు ఇంకెవరి యింటనో ఉండిపోవును. ప్రతి బ్యాటరీకిని దాని ఛార్జరునకును ఒకే రంగు పూసి, ఒకే సంఖ్య వేసి, రెండింటిని కలిపియే ఇచ్చి కలిపియే పుచ్చుకొనుట కార్యదర్శులు నియమముగా పెట్టవలెను. పంపుల రిజిస్టరులో కొనిన తేదీ, తొలి ఛార్జికి పట్టిన గంటలు, రెండవ ఛార్జికి పట్టిన గంటలు వ్రాయుటకు ఒక వరుస చేర్చినచో, హామీ గడువులో బ్యాటరీ చెడినపుడు అంగడివారితో మాటలాడుటకు చేతిలో ఆధారముండును. నమో డ్రోన్ దీదీ అను 2023 నాటి కేంద్ర పథకమువలన మహిళా సంఘములకు మందు చల్లు డ్రోనులు వచ్చుచున్నవి. వాని బ్యాటరీలు పంపు బ్యాటరీలకంటె ఎన్నో రెట్లు బలమైనవి. శిక్షణలో చూపిన ఛార్జరు తప్ప వేరొకటి వానికి తాకింపరాదు. ఎగిరి దిగిన వెంటనే వేడిమీద ఛార్జి పెట్టరాదు. ఈ పాఠము వానికి చాలదు.

ఉబ్బినదియు, పగిలినదియు, నీటమునిగినదియు, పూర్తిగా అరిగినదియునగు బ్యాటరీని విప్పిచూచుట, పెంటకుప్పలో వేయుట, చెత్తతో కాల్చుట కూడవు. 2022లో భారత ప్రభుత్వమువారు చేసిన బ్యాటరీ వ్యర్థముల నియమముల ప్రకారము వాడిన బ్యాటరీలను తిరిగి సేకరించు బాధ్యత తయారుచేసినవారిపైనను, దిగుమతి చేసికొనినవారిపైనను కలదు. కాబట్టి కొనిన అంగడివారినే అడుగవలెను. అప్పగించు వరకు దాని రెండు కొనలకును వేరువేరుగ ప్లాస్టరు చుట్టి, ఇసుక పోసిన పాతకుండలో నుంచి, ఆ కుండను వాననీరు పడకుండ, ఇంటికి పశువులపాకకు దూరముగా, పిల్లల కందని చోట పెట్టియుంచుడు.